బాలే టుటు ఎందుకు పొట్టిదైంది? పొడుగుది ఎందుకు పోలేదు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "మా అమ్మాయి డల్లాస్‌లో బాలే నేర్చుకుంటోంది. 'జిజెల్' చూస్తే పిక్కల కిందకి జారే మెత్తటి తెల్ల గౌను. 'స్వాన్ లేక్' చూస్తే నడుం చుట్టూ పళ్ళెంలా నిలబడే గౌను. రెండింటినీ టుటు అనే అంటున్నారు. ఒకటి పాతది, ఒకటి కొత్తదా? ఎలా మారింది? షాపుల్లో చిన్నపిల్లలకి అమ్మే నెట్ గౌన్లు కూడా టుటులేనా?"

నేను చాలా ఏళ్ళుగా ఇంగ్లండ్‌లో నాటకాలకీ బాలేకీ దుస్తులు కుట్టే వర్క్‌షాపుల్లో కటింగ్ పని చేస్తున్నాను. కాబట్టి నా జవాబు డాన్సర్ వైపు నుంచి కాకుండా కత్తెర వైపు నుంచి ఉంటుంది, ఏమీ అనుకోకండి.

టుటు చరిత్రని "సిగ్గు తగ్గేకొద్దీ గౌను పొట్టిదైంది" అని ఒక్క మాటలో తేల్చేస్తుంటారు. అది నిజం కాదు. పొట్టిదైంది, మళ్ళీ పొడుగైంది, రెండూ పక్కపక్కనే బతికాయి. డాన్సర్ల కాళ్ళు ఆ కాలంలో కొత్తగా ఏం నేర్చాయి, అప్పుడు దొరికే బట్ట ఎంత వరకు నిలబడుతుంది అన్న రెండు లెక్కలే ఎక్కువసార్లు పొడవుని నిర్ణయించాయి. మీరు చూసిన ఆ పళ్ళెం ఆకారం ఉందే, అది చాలామంది అనుకున్నంత పాతది కూడా కాదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

మొదట్లో ఫ్రెంచి రాజాస్థానంలో బాలే మగవాళ్ళ వ్యవహారం. 14వ లూయీ స్వయంగా డాన్స్ చేసేవాడు. పారిస్ ఆపెరా వేదిక మీదికి వృత్తి నర్తకీమణులు వచ్చింది 1681లో. వాళ్ళు వేసుకున్నవి అప్పటి గొప్పింటి ఆడవాళ్ళ దుస్తులే: నేలని తాకే బరువైన లంగా, దాన్ని రెండు పక్కలకీ చాచి పట్టే చట్రం, బిగుతు బాడీ, మడమల చెప్పులు. అందులో నడవచ్చు, తిరగొచ్చు, గెంతడం మాత్రం కుదరదు. తమాషా ఏమిటంటే, ఆ రోజుల్లో తొడల మీద విచ్చుకుని నిలబడే పొట్టి లంగా వేసుకున్నది మగ డాన్సర్లు. దాన్ని 'తొనెలే' అనేవారు. 18వ శతాబ్దపు బొమ్మల్లో దాన్ని చూసిన కొత్త పిల్లలు మా దగ్గర "ఇది టుటు కాదా?" అని అడుగుతుంటారు. వంశం వేరు గానీ పోలిక మాత్రం నిజం.

1726లో పారిస్ వేదికెక్కిన మారీ కమార్గో మగవాళ్ళ గెంతుల్ని తనూ చేసింది. గాల్లో ఉండగానే పాదాలు ఒకదాని ముందుకొకటి చకచకా మారే అడుగులవి. చేసింది జనానికి కనబడాలి కదా! అందుకని లంగా అంచుని చీలమండల పైకి తెచ్చింది. కొద్ది అంగుళాలే. అయినా ఊరంతా గొడవ. ఎగిరినప్పుడు పరువు పోకుండా లోపల బిగుతు నిక్కరు తప్పనిసరి కావడం కూడా అప్పటి ముచ్చటే. ఇవాళ నేను టుటు కుట్టడం మొదలుపెట్టేది ఆ నిక్కరు నుంచే. ఆమె పోటీదారు మారీ సాలే ఇంకో దారి పట్టింది. 1734లో లండన్‌లో చట్రం గిట్రం అన్నీ వదిలేసి, పల్చటి మస్లిన్ గౌనులో, జుట్టు విరబోసుకుని నాట్యం చేసింది. ఒకరు అడుగుల కోసం బట్ట తగ్గిస్తే, ఇంకొకరు భావం కోసం బరువు తగ్గించారు. ఆ తర్వాతి కాలంలో వచ్చిన రెండు రకాల టుటులకీ ఈ ఇద్దరి దగ్గరే బీజాలు కనిపిస్తాయి నాకు.

ఫ్రెంచి విప్లవం తర్వాత మామూలు ఫ్యాషనే మారిపోయింది. పురాతన గ్రీకు శిల్పాల్లా పల్చటి గౌన్లు, మడమలు లేని చెప్పులు, ఒంటిని అంటుకునే మేజోళ్ళు వచ్చాయి. డాన్సర్లకి ఇంతకంటే ఏం కావాలి?

ఇప్పుడు అసలు ఘట్టం. 1832 మార్చి 12, పారిస్ ఆపెరా, 'లా సిల్ఫీద్'. ఫిలిప్పో తాలియోనీ తన కూతురు మారీ కోసం కూర్చిన బాలే. గాలిలో తేలే వనకన్యగా మారీ తాలియోనీ మునివేళ్ళ మీద నిలబడి నర్తించింది. ఒంటి మీద భుజాలు కనిపించే తెల్లటి బిగుతు బాడీ, దాని కింద గంట ఆకారంలో పిక్కల దాకా దిగే పల్చటి తెల్ల లంగా, వీపున చిన్న రెక్కలు. ఆ రూపకల్పన ఎజేన్ లామీదని చెబుతారు. అంతకు ముందు ఏడాదే 'రాబర్ట్ ల దియాబ్ల్' అనే ఆపెరాలో చచ్చిపోయిన సన్యాసినులు తెల్ల బట్టల్లో లేచి నాట్యం చేసే దృశ్యం జనాన్ని ఊపేసింది. 1841లో 'జిజెల్' వచ్చింది. మీరు చూసిన పొడుగు గౌను ఈ కుటుంబానిదే. దీన్నే రొమాంటిక్ టుటు అంటారు.

అయితే అప్పుడే ఎందుకు? కథలు, కవిత్వం సంగతి అందరూ చెబుతారు. నేను రెండు సాంకేతిక విషయాలు చెబుతాను. ఒకటి వెలుతురు. పారిస్ ఆపెరాలోకి 1822లో గ్యాస్ దీపాలు వచ్చాయి. కొవ్వొత్తుల్లా కాకుండా వీటి మంటని ఎక్కువ తక్కువ చేయొచ్చు. వేదికని మసక చేసి వెన్నెల తెప్పించారు. ఆ వెన్నెల్లో ముదురు రంగు బట్ట కనిపించదు, పల్చటి తెల్ల బట్ట మాత్రం తనే వెలుగుతున్నట్టు ఉంటుంది. రెండోది బట్ట. అంతకు ముందు వల బట్ట అంటే చేత్తో అల్లాల్సిందే, ధర రాజులకే అందేది. ఇంగ్లండ్‌లో జాన్ హీత్‌కోట్ 1809లో వల అల్లే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. 1816లో యంత్రాల మీద కోపంతో పనివాళ్ళు లాఫ్‌బరోలోని అతని మిల్లు మీద పడి వాటిని విరగ్గొడితే, సరంజామా సర్దుకుని టివర్టన్ వెళ్ళి అక్కడ మళ్ళీ మొదలుపెట్టాడు. వల బట్ట గజాలకొద్దీ చవగ్గా దొరకడం అలా మొదలైంది. కోర్‌ ద బాలేలో, అంటే గుంపుగా నర్తించే బృందంలో, పాతికమంది అమ్మాయిలకి ఒకేలాంటి తెల్ల గౌన్లు కుట్టాలంటే ముందు బట్ట అందుబాటులో ఉండాలి.

వేదిక మీద ఎక్కువగా వాడింది మాత్రం టార్లటన్ అనే పల్చటి నూలు బట్ట. వదులు నేత, దాని మీద చిక్కటి గంజి. గంజి చీర కట్టుకున్న వాళ్ళెవరికైనా తెలిసిన విషయమే: చెమట పట్టిందంటే అయిపోయింది. కాబట్టి అప్పటి లంగా ఎన్ని పొరలు వేసినా కిందికే వాలేది. అడ్డంగా నిలబడమంటే నిలబడే బట్ట అప్పటికి లేదు.

ఇంకో విషయం. 1832 నాటి ఆ గౌను ప్రేక్షకులకి వింతగా అనిపించలేదు. బాల్కనీలో కూర్చున్న దొరసానులు కూడా ఇంచుమించు అలాంటిదే తొడుక్కున్నారు. సన్నటి నడుము, విప్పిన భుజాలు, గంట ఆకారపు లంగా అప్పటి విందుల ఫ్యాషన్. వేదిక మీది గౌను పొడవు కాస్త తక్కువ, అలంకారం ఇంకా తక్కువ, అంతే తేడా. తర్వాత బయటి ఫ్యాషన్ ఉక్కు చట్రాల మీద పెద్ద పెద్ద లంగాలవైపు వెళ్ళింది, బాలే తన దారిన తను వెళ్ళింది. టుటు అనేది విడిగా ఒక వేషం అయింది అక్కడే.

ఆ తెల్ల బట్ట చాలామంది ప్రాణాలు తీసింది. ఈ భాగాన్ని త్వరగా దాటేయడం నాకు ఇష్టం లేదు. పల్చటి నూలు, మధ్యలో గాలి, పక్కనే తెరిచిన గ్యాస్ మంట. 1844 డిసెంబర్‌లో లండన్ డ్రూరీ లేన్ థియేటర్‌లో క్లారా వెబ్‌స్టర్ అనే డాన్సర్ గౌను ప్రేక్షకుల కళ్ళముందే అంటుకుంది. మూడు రోజులకి చనిపోయింది. 1861లో ఫిలడెల్ఫియాలో ఒక థియేటర్ డ్రెస్సింగ్ రూమ్‌లో ఒక అమ్మాయి గౌను అంటుకుంటే, ఆదుకోబోయిన మిగతా అమ్మాయిలకీ ఆ మంటే పాకింది. అక్కాచెల్లెళ్ళు కలిసి పోయారు.

అన్నిటికంటే బాధ కలిగించేది ఎమ్మా లివ్రీ కథ. తాలియోనీ స్వయంగా తీర్చిదిద్దిన శిష్యురాలు. ఆమె కోసం 1860లో తాలియోనీ కూర్చిన 'ల పపియోన్' బాలేలో కథానాయిక సీతాకోకచిలుక, దివిటీ మంట దగ్గరికి వెళ్ళి రెక్కలు కాల్చుకుంటుంది. అప్పటికే కార్తెరాన్ అనే ఆయన బట్టకి నిప్పు త్వరగా అంటుకోకుండా చేసే ద్రావణం కనిపెట్టాడు, థియేటర్లలో అది వాడాలని ప్రభుత్వం ఆజ్ఞ కూడా ఇచ్చింది. కానీ ఆ ద్రావణంలో ముంచితే బట్ట బిరుసెక్కేది, తెలుపు చచ్చిపోయేది. లివ్రీ ఒప్పుకోలేదు. మామూలు గౌనుతోనే చేస్తానని రాసి ఇచ్చింది. 1862 నవంబర్ 15న 'లా ముయెత్ ద పోర్తిసీ' అనే ఆపెరా రిహార్సల్లో కూర్చోబోతూ లంగా పొరల్ని పైకి ఎగరేసింది. పక్కన గ్యాస్ దీపం ఉంది. ఎనిమిది నెలలు నరకం అనుభవించి 1863 జూలై 26న చనిపోయింది. ఇరవయ్యేళ్ళ పిల్ల. ఆ గౌనులో కాలగా మిగిలిన పీలికలు పారిస్ ఆపెరా మ్యూజియంలో ఉన్నాయి. ఆమెది మూర్ఖత్వం అని కొట్టిపారేసే వాళ్ళని చూశాను. నాకలా అనిపించదు. బట్ట కదలకపోతే నాట్యమే చచ్చిపోతుందని ఆమె వాదన. డాన్సర్లు ఇప్పటికీ మాతో పెట్టుకునే తగాదా అదే, బతికిపోయే తగాదా కావడం ఒక్కటే తేడా.

ఇక పొట్టి లంగా సంగతి. 1870, 80లలో ఇటలీ నుంచి, ముఖ్యంగా మిలాన్ బడి నుంచి వచ్చిన అమ్మాయిలు బొటనవేళ్ళ మీద గట్టిగా నిలబడి గిరగిరా తిరగడం తెచ్చారు. వాళ్ళ చెప్పుల ముందుభాగం గట్టిగా ఉండేది. ఆ పని మోకాలి దగ్గర, తుంటి దగ్గర జరుగుతుంది. పిక్కల దాకా లంగా ఉంటే సగం పనితనం మరుగున పడుతుంది. 1885లో సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్ళిన విర్జీనియా జుక్కీ అక్కడి రివాజు పొడవుని ఒప్పుకోకుండా పొట్టి లంగాయే కావాలని పట్టుబట్టింది. పియెరీనా లెన్యానీ ఒంటికాలి మీద ఆగకుండా 32 ఫువెత్తేలు, అంటే రెండో కాలిని కొరడాలా విసురుతూ వేసే గిరికీలు, తిరిగి రష్యన్లని నోరెళ్ళబెట్టించింది. 1895 'స్వాన్ లేక్'లో తెల్ల హంస ఒడెట్, నల్ల హంస ఒడిల్ రెండు పాత్రలూ ఆమెవే.

చాలామంది పొరబడేది ఇక్కడే. 1890 'స్లీపింగ్ బ్యూటీ', 1895 'స్వాన్ లేక్' అనగానే పళ్ళెం టుటు ఊహించుకుంటారు. లెన్యానీ ఫొటోలు ఉన్నాయి, వెతికి చూడండి. లంగా మోకాళ్ళ దాకా ఉంటుంది, మెత్తగా పొరలు పొరలుగా కిందికి వాలుతుంది. మారియుస్ పెతిపా ఆ బాలేలని కూర్చింది ఆ గౌన్ల మీదే. ఇంకో సాక్ష్యం ఫ్రెంచి చిత్రకారుడు డెగా చేసిన మైనపు బొమ్మ 'పద్నాలుగేళ్ళ చిన్న నర్తకి'. 1881లో పారిస్‌లో ప్రదర్శించినప్పుడు దానికి నిజం బట్టతోనే బాడీ, లంగా తొడిగాడు. జనం ఈసడించుకున్నారు. అది వేరే సంగతి. ఆ అమ్మాయి మారీ వాన్ గోతెమ్ పేదింటి పిల్ల. ఆ కాలపు పారిస్ ఆపెరాలో డాన్సర్లు వేదికెక్కే ముందు ఒళ్ళు వేడెక్కించుకునే గదిలోకి డబ్బున్న చందాదారులకి నేరుగా ప్రవేశం ఉండేది. డెగా బొమ్మల్లో పక్కన నల్లకోటు వేసుకుని నిలబడే మగవాళ్ళు వాళ్ళే. పొట్టి లంగా వెనక కాళ్ళ పనితనం ఎంత ఉందో, చూసేవాళ్ళ కళ్ళ ఆకలి కూడా అంత ఉంది. దాన్ని దాచి చరిత్ర చెప్పడం నాకు చేతకాదు.

20వ శతాబ్దం మొదట్లో గాలి తిరిగింది. రష్యాలో బాలేలు కూర్చే మిహయిల్ ఫోకిన్ "ప్రతి కథకీ ఒకే లంగా ఏమిటి?" అని తిరగబడ్డాడు. 1909లో ద్యాగిలేవ్ అనే నిర్వాహకుడి రష్యన్ బృందం పారిస్‌లో వేసిన 'లే సిల్ఫీద్'లో (తాలియోనీ 'లా సిల్ఫీద్' కాదు, ఇది వేరే బాలే) పొడుగు తెల్ల గౌను తిరిగొచ్చింది. 1910 'ఫైర్‌బర్డ్'కి లియోన్ బాక్‌స్త్ ఏకంగా పైజామా లాంటిది తొడిగాడు. అదే ఫోకిన్ రష్యన్ నర్తకి అన్నా పావ్లోవా కోసం కూర్చిన 'డైయింగ్ స్వాన్'లో మాత్రం టుటు హంస అయిపోయింది, ఈకలు కుట్టిన టుటు. ఈ పావ్లోవాకి మన వైపు ఒక లంకె ఉంది. ఇండియా వచ్చినప్పుడు పరిచయమైన రుక్మిణీదేవి అరండేల్ ఆమె బృందంలోని క్లియో నోర్డీ దగ్గర బాలే నేర్చుకుంది. మీ దేశపు నాట్యం వైపు చూడమని పావ్లోవాయే ప్రోత్సహించిందంటారు. 1935లో వేదికెక్కిన రుక్మిణీదేవి, భరతనాట్యానికి ముందు కుచ్చిళ్ళు విచ్చుకునేలా కుట్టిన దుస్తులు తెచ్చింది. ఇప్పుడు కూచిపూడి పిల్లలు కూడా టైలర్ దగ్గరే కుట్టించుకుంటున్నారు. అరమండిలో మోకాళ్ళు విడిపోయినప్పుడు కుచ్చిళ్ళు తెరుచుకోవాలి. కాళ్ళ పని కనబడేలా బట్ట కోయాలి అన్న లెక్క అక్కడా ఇక్కడా ఒకటే.

1922లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఓస్కర్ ష్లెమ్మర్ 'ట్రయాడిక్ బాలే'లో తీగ చుట్టలతో, గట్టి బిళ్ళలతో టుటులు చేశాడు. బట్ట తీసేసినా ఆకారం మాత్రం మిగులుతుందని చూపించాడు. నాకైతే చాలా ఇష్టం. డాన్సర్లకి అంత ఇష్టం ఉండకపోవచ్చు.

పళ్ళెం, అంటే పాన్‌కేక్ టుటు, 1930, 40లలో స్థిరపడింది. కాలు నడుము ఎత్తుని దాటి పైకి లేస్తోంది. లంగా పొట్టిదై తుంటి ఎత్తున అడ్డంగా నిలబడాల్సి వచ్చింది. పొరల మధ్యలో సన్నటి ఉక్కు తీగ చుట్టు వేశారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నైలాన్ నెట్ రావడంతో అసలు మలుపు తిరిగింది. గంజి అక్కర్లేదు, చెమటకి వాలదు, తేలిక. నూలు టార్లటన్‌తో ఎప్పటికీ సాధ్యం కానిది నైలాన్‌తో మామూలైపోయింది. ఇప్పుడు పాత బాలేలన్నిటికీ పాన్‌కేక్ తొడిగేస్తున్నారు. దాంతో 'స్వాన్ లేక్' అంటే అదే అనుకుంటున్నాం.

పాన్‌కేక్‌కీ తంటాలున్నాయి. చక్రంలాంటి ఆ అంచు ఒక పక్క తగిలితే ఇంకో పక్క పైకి లేస్తుంది. చిన్న వేదిక మీద పక్కపక్కనే ఉన్న అమ్మాయిల అంచులు తగులుకుంటే వరస మొత్తం ఊగుతుంది. జతగా చేసే మగవాడు దూరంగా నిలబడాలి, తన పాదాలు తనకే కనబడవు. న్యూయార్క్‌లో బాలంచిన్‌కి ఈ బాధ ఎక్కువగా ఉండేది. ఆయన కూర్చిన బాలేల్లో గుంపులు దగ్గర దగ్గరగా, వేగంగా కదులుతాయి. 1950 ప్రాంతంలో 'సింఫనీ ఇన్ సి' కోసం దుస్తుల రూపకర్త బార్బరా కరిన్‌స్కా ఆ ఉక్కు తీగని పీకేసింది. పొరలు తగ్గించి, పొట్టివి చేసి, వాటిని వదులు టాకాలతో కలిపింది. మెత్తగా, కొంచెం కిందికి వాలుతూ, డాన్సర్ తుంటితో పాటు కదిలే ఈ రకానికి పౌడర్ పఫ్ టుటు అని పేరు వచ్చింది. నన్నడిగితే టుటు చరిత్రలో తాలియోనీ గౌను తర్వాత అంత పెద్ద మార్పు ఇదే.

కరిన్‌స్కా ఖార్కివ్‌లో పుట్టి, రష్యా వదిలి, పారిస్, లండన్ మీదుగా న్యూయార్క్ చేరిన మనిషి. 'జోన్ ఆఫ్ ఆర్క్' సినిమా దుస్తులకి ఆస్కార్ పంచుకుంది. మాలాంటి వాళ్ళం ఆమెకి దండం పెట్టేది మాత్రం బాడీ కత్తిరింపుకి. బాడీలో కొన్ని ముక్కల్ని ఐమూలగా, మన టైలర్లు జాకెట్టుకి క్రాస్ కట్ అంటారే, అలా కోసేది. ఐమూలగా కోసిన బట్ట సాగుతుంది. ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకలకి చోటు దొరుకుతుంది, అయినా ముడతలు పడదు. సాగే లైక్రా బట్టలు ఇంకా రాని రోజుల్లో చేసిన పని అది. ప్రేక్షకులకి ఎప్పటికీ కనబడని లోపలి పొరలో కూడా రంగులు మార్చి వేసేది. పైన ఒక రంగు, కింద ఇంకోటి, తిరిగినప్పుడు మెరుపు వేరుగా వస్తుంది.

మీరు "ఎలా కుడతారు?" అని అడగలేదు గానీ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పాన్‌కేక్ టుటుకి ముందు నిక్కరు, దానికి పైన తుంటిని పట్టి ఉంచే వెడల్పాటి పట్టీ. ఆ నిక్కరు మీదే నెట్ పొరలు ఒక్కొక్కటీ కుచ్చిళ్ళు పెట్టి కుట్టుకుంటూ పైకి వస్తాం. పది నుంచి పన్నెండు పొరలు మామూలు. అన్నిటికంటే కింది పొర కొన్ని సెంటీమీటర్లే, కాలి దగ్గర కుచ్చులాగా ఉంటుంది. పైకి వచ్చేకొద్దీ పొడవు పెరిగి పెద్దవాళ్ళకి పై పొర 35, 40 సెంటీమీటర్ల దాకా వస్తుంది. కింది పొరలు పై పొరల్ని మోస్తాయి. మధ్యలో, కాస్త పైవైపు పొరలో తీగ చుట్టు. ఆ తర్వాత గౌనుని తలకిందులుగా పెట్టి పొరల్ని ఒకదానికొకటి వదులు టాకాలతో కట్టాలి. బిగిస్తే అట్టముక్క అవుతుంది, వదిలేస్తే చీపురు అవుతుంది. ఎక్కువ గంటలు తినేదీ, చేతి వేళ్ళు కోసేదీ ఇదే. పై పొర మీద ఎంబ్రాయిడరీ విడిగా చేసి చివర్లో కలుపుతాం. బాడీ విడి ముక్క. నడుము దగ్గర అక్కడక్కడ మాత్రమే కలుపుతాం, వెన్ను వంచినప్పుడు లంగా ఎగరకుండా. ఒక్క టుటుకి వంద గంటల పని అన్నా ఆశ్చర్యం లేదు.

వెనక జిప్పు వేయం. జిప్పు ఒక్క పన్ను ఊడితే వేదిక మీద మొత్తం విచ్చుకుపోతుంది. హుక్కు ఒకటి ఊడినా మిగతావి పట్టుకుంటాయి. కాజాలు రెండు మూడు వరసలు పెడతాం. ఒకే టుటుని ఏళ్ళ తరబడి రకరకాల నడుములవాళ్ళు వేసుకుంటారు. పాత టుటు లోపల చూస్తే ఒకదాని కింద ఒకటి డాన్సర్ల పేర్లు కుట్టిన పట్టీలు ఉంటాయి. ఉతకడం దాదాపు ఉండదు. చెమట వాసనకి మేం చల్లేది వోడ్కా, నీళ్ళు కలిపిన స్ప్రే. నవ్వకండి, ఈ వృత్తిలో అందరికీ తెలిసిన చిట్కాయే.

ఇక ఫ్యాషన్. యుద్ధకాలంలో అమెరికాలో చెప్పులకి రేషన్ పెట్టారు, బాలే చెప్పులకి మినహాయింపు. డిజైనర్ క్లేర్ మెకార్డెల్ కెపేజియో కంపెనీ బాలే చెప్పుల్ని వీధిలోకి తెచ్చింది. ఇప్పుడు అందరూ వేసుకునే బాలే ఫ్లాట్స్‌కి అదో మొదలు. 1946 ఫిబ్రవరి 20న లండన్ కోవెంట్ గార్డెన్ ఆపెరా హౌస్ 'స్లీపింగ్ బ్యూటీ'తో తిరిగి తెరుచుకుంది. యుద్ధంలో అది డాన్స్ హాలుగా నడిచింది. బట్టకి ఇంకా కూపన్లున్న రోజుల్లో డిజైనర్ ఆలివర్ మెసెల్ నర్తకి మార్గో ఫాంటేన్‌కీ మిగతావాళ్ళకీ ఆ వైభవం సమకూర్చాడు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో పారిస్‌లో క్రిస్టియన్ డియోర్ సన్నటి నడుము, గజాలకొద్దీ బట్టతో విచ్చుకునే లంగాలు చూపించాడు. అదే ఏడాది రోలాన్ పెతీ బాలేకి దుస్తులు కూడా చేశాడు. ఫాంటేన్ డియోర్ దగ్గరే కొనుక్కునేది. 1950లలో పార్టీ గౌన్లంటే పట్టు బాడీ, కింద నెట్ పొరలు. రొమాంటిక్ టుటు వేదిక దిగి విందులకి తిరిగొచ్చినట్టే.

తర్వాతి సంగతులు టీవీ, వార్తలు చూసేవాళ్ళకి తెలిసినవే. 1998లో 'సెక్స్ అండ్ ది సిటీ' టైటిల్స్‌లో సారా జెస్సికా పార్కర్ వేసుకున్న లంగాని ప్యాట్రీషియా ఫీల్డ్ 5 డాలర్లకి కొన్నది. 2024లో వేలంలో అది 52,000 డాలర్లు పలికింది. 2001 ఆస్కార్లకి గాయని బ్యోర్క్, మార్యాన్ పెయోస్కీ చేసిన హంస గౌను వేసుకొచ్చి తిట్లు తింది, ఇప్పుడందరూ మెచ్చుకుంటున్నారు. 2018 యూఎస్ ఓపెన్‌లో సెరీనా విలియమ్స్ వర్జిల్ అబ్లో గీసిన నల్ల డ్రెస్సు, నెట్ లంగాతో ఆడింది. వీటన్నిటిలోకీ నాకు సెరీనాదే నిజమైన టుటు అనిపిస్తుంది. కాళ్ళు పనిచేస్తున్నప్పుడు వేసుకున్నది అదొక్కటే కదా.

వేదిక మీద కూడా టుటుతో ఆటలు ఆగలేదు. బాలంచిన్ 1957 'ఆగోన్'లో దాన్ని వదిలేసి ప్రాక్టీసు బట్టల్లోనే చేయించాడు. 1974లో మొదలైన ట్రొకాడెరో బృందంలో మగవాళ్ళే టుటులు, మునివేళ్ళ మీద నిలబడే పాయింట్ చెప్పులు వేసుకుని చేస్తారు. నవ్విస్తారు, కానీ అడుగు తప్పరు. అదే దశాబ్దంలో డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెమ్ గులాబీ రంగు మేజోళ్ళు పక్కన పెట్టి, ఎవరి ఒంటి రంగుకి తగ్గవి వాళ్ళకి తొడిగింది. మీ అమ్మాయికి ఇది పనికొచ్చే సంగతి. 'బాలే పింక్' తెల్లవాళ్ళ ఒంటి రంగుని దృష్టిలో పెట్టుకుని పుట్టింది. ఇప్పుడు చాలా బళ్ళు గోధుమ, చామనఛాయ మేజోళ్ళు ఒప్పుకుంటున్నాయి, టీచర్‌ని అడగండి. ఇక విలియం ఫోర్సైథ్ 1996లో చేసిన ఒక బాలేకి స్టీఫెన్ గాలోవే పొరలే లేని, నిమ్మపండు ఆకుపచ్చలో పలకలాంటి గుండ్రటి టుటు చేశాడు. యూట్యూబ్‌లో చూడండి, మీ అమ్మాయికి నచ్చి తీరుతుంది.

షాపుల్లో పిల్లల గౌన్ల గురించి. నడుముకి ఎలాస్టిక్, దానికి వేలాడే మూడు నాలుగు నెట్ పొరలు ఉంటే అది నెట్ స్కర్టు. హైదరాబాద్ బొటిక్‌లలో లెహంగా కింద వేసే క్యాన్‌క్యాన్ లాంటిదే. పుట్టినరోజుకి బాగుంటుంది, కొనండి. దాన్ని డాన్స్ క్లాసుకి మాత్రం పంపకండి. క్లాసులో టీచర్‌కి తుంటి, మోకాలు కనబడాలి, అందుకే ఒంటికి అతుక్కునే లియోటార్డ్, మేజోళ్ళు అడుగుతారు. పెద్ద పిల్లలకి అడుగులు అలవాటయ్యాక ప్రాక్టీస్ టుటు అని బాడీ లేకుండా నిక్కరు, పొరలు మాత్రమే ఉన్నది ఇస్తారు. అంచు ఎంత దూరం వస్తుందో చేతులకి అలవాటు కావడానికి అది.

డిసెంబర్‌లో 'నట్‌క్రాకర్' ఉంటుంది కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు మీ ఇంటికీ టుటు వస్తుంది. బడి వాళ్ళు అద్దెకిస్తే అదే తీసుకోండి, ఎదిగే పిల్లకి కొనడం దండగ. ఇంటికొచ్చాక నిలువుగా వేలాడదీయకండి, పొరలు ఒరిగిపోతాయి. తలకిందులుగా నిక్కరు దగ్గర క్లిప్పులు పెట్టి వేలాడదీయండి, లేదా బల్ల మీద పరిచి పెట్టండి. కారులో వెనక సీటు మొత్తం దానికే ఇవ్వాల్సి వస్తుంది. నెట్‌కి ఇస్త్రీ పెట్టె తగిలితే నైలాన్ కరిగిపోతుంది, దూరం నుంచి ఆవిరి చాలు. నడుము బిగుతైతే కత్తెర ముట్టుకోకుండా హుక్కులు బయటి వరస కాజాలకి మార్చండి. ఏ పాత్ర ఇచ్చారో చెబితే పొడుగుది వస్తుందో పొట్టిది వస్తుందో, ఏ కొలతలు తీసి ఇవ్వాలో రాస్తాను.